‘పిచ్ ఇన్’: తలా ఓ చెయ్యి వేయడాన్ని ఇంగ్లీషులో తప్పు లేకుండా చెప్పడం ఎలా

అనంతపురంలో డిగ్రీ చేసి బెంగళూరులో ఉద్యోగానికి చేరినవాళ్లకూ, కర్నూలు నుంచి హైదరాబాదు పోయినవాళ్లకూ మొదటి నెలల్లోనే చెవినబడే మాట ఇది. సాయంత్రం పని ఎక్కువైనప్పుడు టీమ్ లీడర్ వచ్చి ‘కెన్ యూ ఆల్ పిచ్ ఇన్?’ అంటాడు. పిచ్ తెలుసు, ఇన్ తెలుసు. రెండూ కలిస్తే ఏమవుతుందో తెలియక, క్రికెట్ పిచ్ ఒక్కటే తలపుకొచ్చి, చాలామంది తల ఊపి ఊరుకుంటారు. అవతలివాళ్లకు మాత్రం ‘అడిగినా ముందుకు రాలేదు’ అనిపిస్తుంది. నిజానికి ఆయన అడిగింది ‘మీరూ తలా ఓ చెయ్యి వేస్తారా?’ అని.

అర్థం పట్టుకోవడం గంట పని. తడుముకోకుండా నోటికి రావాలంటే ఓ వారం సాధన కావాలి. కింద చెప్పిన వరసలోనే పోండి. ముఖ్యంగా రెండో అడుగును దాటవేయకండి, తెలుగువాళ్లు జారిపడేది అక్కడే.

మొదటి అడుగు: సందర్భాన్ని కళ్లకు కట్టుకోవడం

అక్టోబరు, నవంబరుల్లో అనంతపురం పల్లెల్లో వేరుశనగ చెట్లు పీకి చేన్లోనే ఆరబెడతారు. మబ్బు కమ్ముకొచ్చింది. కట్టె, అంటే ఆరిన ఆ చెట్టు, తడిస్తే నల్లబడుతుంది, పశువులు సరిగా ముట్టవు, కాయ కూడా చెడుతుంది. పక్క చేన్లవాళ్లు తమ పని ఆపి వచ్చి, అందరూ కలిసి వాన పడేలోపు వామి వేసేశారు. వాళ్లు చేసింది ‘పిచ్ ఇన్’. ఇంగ్లీషులో చెప్పాలంటే ‘ద నైబర్స్ పిచ్‌ట్ ఇన్’.

అదే పనికి కూలి ఇచ్చి పదిమందిని పిలిచారనుకోండి. అప్పుడు ఈ మాట పనికిరాదు. డబ్బు తీసుకుని తన పని తాను చేసేవాణ్ణి గురించి ‘పిచ్ ఇన్’ అనరు. పక్కింటాయన ఒక్కడే వచ్చి ట్రాక్టరు ఇచ్చిపోతే అది ‘హెల్ప్ ఔట్’కు దగ్గర.

కాబట్టి ఈ మాట వాడేముందు మూడు సంగతులు చూసుకోండి. ఆ పనిలో ఇప్పటికే ఎవరో ఒకరు ఉన్నారా, మీరు వాళ్లతో కలుస్తున్నారా? మీ వంతుగా శ్రమో, డబ్బో, వస్తువో, ఒక ఆలోచనో వేస్తున్నారా? అది మీకై మీరు వేస్తున్నదా? మూడింటికీ అవును అనగలిగితే ‘పిచ్ ఇన్’ సరిపోతుంది. ఒక మనిషి గురించి కూడా వాడొచ్చు, కానీ ఆ మనిషి నలుగురిలో కలిసినట్టు ఉండాలి.

గుర్తుంచుకోవడానికి ఒక ఆసరా ఉంది. ‘పిచ్’కు విసరడం, వేయడం అనే అర్థం ఉంది. ‘ఇన్’ అంటే లోపలికి. తన వంతు లోపలికి వేయడం. తెలుగులో మనం చెయ్యి ‘వేస్తాం’, చందా ‘వేస్తాం’. అదే ‘వేయడం’ ఇక్కడా ఉంది కాబట్టి మనకు ఈ మాట పరాయిది కానక్కరలేదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో అయితే తలా ఒక వంటకం తెచ్చి అందరూ కలిసి తినే విందునే ‘పిచ్-ఇన్’ అంటారు.

రెండో అడుగు: ‘నాకు’ అనే మాటను తీసేయడం

తెలుగులో సాయం ఎప్పుడూ ఒకరికి చేస్తాం. నాకు సాయం చెయ్యి, మా అమ్మకు సాయం చేసినాడు. ఈ ‘కు’ మన నాలుకకు ఎంత అలవాటంటే ఇంగ్లీషులోకి కూడా తోసుకొస్తుంది. దాంతో ‘ప్లీజ్ పిచ్ మి ఇన్’, ‘పిచ్ ఇన్ మి’, ‘పిచ్ ఇన్ టు మి’ అనేస్తారు. మూడూ తప్పే. ఈ క్రియకు సాయం అందుకునే మనిషి కర్మగా రాడు. ఎవరు చెయ్యి వేశారో చెప్పాలి, ఏ పనికో చెప్పాలి, అంతటితో ఆగాలి.

అదే కారణంగా వాక్యాన్ని తిప్పి ‘ఐ వాజ్ పిచ్‌ట్ ఇన్ బై మై ఫ్రెండ్స్’ అనడం కుదరదు. ‘మై ఫ్రెండ్స్ పిచ్‌ట్ ఇన్’ అనండి, చాలు. సాయం మీకేనని సందర్భమే చెబుతుంది.

వాక్యం కట్టడానికి ఐదు అచ్చులు, అంటే నమూనాలు, ఉన్నాయి. వీటిని మించి అవసరం రాదు.

ఒకటి, ఏమీ తగిలించకుండా: ‘ఎవ్రీబడీ పిచ్‌ట్ ఇన్.’ అందరూ తలా ఓ చెయ్యి వేశారు. ఇదే అన్నిటికంటే ఎక్కువగా వినిపిస్తుంది. కొత్తలో దీన్నొక్కదాన్నే పట్టుకున్నా తప్పు పడదు.

రెండు, ‘టు’ పెట్టి క్రియ: ‘ద నైబర్స్ పిచ్‌ట్ ఇన్ టు స్టాక్ ద క్రాప్.’ మూడోది దీనికే మాటల్లో వాడే రూపం, ‘అండ్’తో: ‘ఇఫ్ వి ఆల్ పిచ్ ఇన్ అండ్ క్లీన్ అప్, వి కెన్ లీవ్ బై సిక్స్.’ అందరం తలా ఓ చెయ్యేసి సర్దేస్తే ఆరింటికల్లా పోవచ్చు.

నాలుగు, ‘విత్’ పెట్టి పేరు (నామవాచకం). ఇక్కడ రెండు దారులున్నాయని గమనించండి. ‘షి పిచ్‌ట్ ఇన్ విత్ ద కుకింగ్’ అంటే వంట పనిలో చెయ్యి వేసింది. ‘షి పిచ్‌ట్ ఇన్ విత్ టూ గుడ్ ఐడియాస్’ అంటే రెండు మంచి ఆలోచనలు తన వంతుగా ఇచ్చింది. ‘విత్’ తర్వాత పని రావచ్చు, ఇచ్చిన వస్తువూ రావచ్చు. ఏదైనా వాక్యం చదివినప్పుడు ఈ రెండింట్లో ఏదో ముందు తేల్చుకోండి.

ఐదు, డబ్బు మొత్తం: ‘వి ఈచ్ పిచ్‌ట్ ఇన్ టూ హండ్రెడ్ రుపీస్ ఫర్ ద గిఫ్ట్.’ క్రియ పక్కనే నేరుగా పేరు వచ్చేది సాధారణంగా ఇక్కడే. దేనికోసమో చెప్పడానికి ‘ఫర్’ వాడాలి, ‘టు ద గిఫ్ట్’ అనకూడదు.

ఇప్పుడు అసలు ప్రమాదం. ‘ఇన్’, ‘టు’ రెండూ పక్కపక్కన వచ్చినప్పుడు రాతలో వాటిని కలిపేయకండి. ‘పిచ్ ఇన్ టు హెల్ప్’ సరైనది, సాయానికి ముందుకు రావడం. ‘పిచ్ ఇంటు’ వేరే క్రియ. ‘హి పిచ్‌ట్ ఇంటు మి’ అంటే నా మీద విరుచుకుపడ్డాడని. మెయిల్లో ఆ రెండు ముక్కల మధ్య ఖాళీ వదలకపోతే మీ సహోద్యోగి ఎవరినో తిట్టినట్టు అర్థం వచ్చే వీలుంది. ‘ఇన్’ వదిలేసినా చిక్కే. ఆఫీసులో ‘ఐ విల్ పిచ్’ అంటే కస్టమర్ ముందు మన సరుకు గురించో, ప్రాజెక్టు గురించో నేను చెప్పి ఒప్పిస్తానని అర్థం. రేపు ప్రజెంటేషన్ మీ నెత్తిన పడుతుంది.

మూడో అడుగు: పలకడం

రాతలో చూసి పలికితే ఈ మాట సగం చెడుతుంది. ‘పి’ని పొట్టిగా పలకండి. సాగదీస్తే ‘పీచ్’ అనే పండు అవుతుంది. ‘చ్’ను ఒత్తకండి. మనం ‘బస్సు’, ‘కప్పు’ అని ఒత్తి పలికే అలవాటుతో ‘పిచ్చిన్’ అంటాం, తెలుగు చెవికి అది ‘పిచ్చి’ లాగా తగులుతుంది. ‘చ్’ను మొదటి ముక్క నుంచి విడదీసి రెండో ముక్కతో కలిపితే సరిపోతుంది: పి-చిన్. ఊనిక రెండోదాని మీద పడాలి.

జరిగిపోయిన పనికి ‘పిచ్చెడ్ ఇన్’ అనడం మన దగ్గర బాగా వినబడే తప్పు. స్పెల్లింగులో ‘ఈ-డీ’ కనిపిస్తుంది కానీ ‘చ్’ తర్వాత అది ఒట్టి ‘ట్’ మాత్రమే. ఆ ‘ట్’ వెళ్లి ‘ఇన్’ను అంటుకుంటుంది: పిచ్-టిన్. కింద రాబోయే మాటలూ ఇంతే: ‘చిప్‌ట్ ఇన్’ను చిప్-టిన్ అని, ‘హెల్ప్‌ట్ ఔట్’ను హెల్ప్-టౌట్ అని పలకాలి. వినేటప్పుడు కూడా ఇదే సూత్రం. ఫోన్లో అవతలివాళ్లు ‘టిన్’ అన్నట్టు వినిపిస్తే రేకు డబ్బా కోసం వెతకకండి, దాని ముందు ఏ క్రియ ఉందో చూడండి.

నాలుగో అడుగు: ‘నాకు’ కావాల్సినప్పుడు ‘హెల్ప్ ఔట్’

‘నాకు’, ‘మా అమ్మకు’ అని చెప్పే తీరాలనుకుంటే ‘హెల్ప్ ఔట్’ తీసుకోండి. ఉత్త ‘హెల్ప్’ కంటే దీనికి కొంచెం తేడా ఉంది. పని ఎక్కువైందనో, ఏదో ఇబ్బంది వచ్చిందనో, కాసేపటికి ఆదుకునే సాయం ఇది.

ఇది విడిపోయే క్రియ. ‘మి’, ‘హిమ్’, ‘హర్’, ‘అస్’ లాంటి సర్వనామాలు వస్తే తప్పకుండా నడుమనే కూర్చోవాలి: ‘హెల్ప్ మి ఔట్’. ‘హెల్ప్ ఔట్ మి’ అనేది లేదు. పేరు వస్తే రెండు చోట్లా చెల్లుతుంది: ‘హెల్ప్ మై మదర్ ఔట్’, ‘హెల్ప్ ఔట్ మై మదర్’. పని చెప్పాలంటే చివర ‘విత్’: ‘కుడ్ యూ హెల్ప్ మి ఔట్ విత్ దిస్ ఫామ్?’ ‘హెల్ప్ టు మి’ అనే ‘టు’ ఎక్కడా రాదు. అదీ మన ‘కు’ తెచ్చిపెట్టిన తప్పే.

ఎవరికని చెప్పకుండానూ వాడొచ్చు. కడపలో కాలేజీ అమ్మాయి ఆదివారాలు మేనమామ అంగట్లో కూర్చుంటుంది. ‘షి హెల్ప్స్ ఔట్ ఎట్ హర్ అంకుల్స్ షాప్ ఆన్ సండేస్.’ ఇక్కడ ‘పిచెస్ ఇన్’ అన్నా తప్పు కాదు కానీ, ప్రతివారం ఒక్కతే చేసే పని కాబట్టి ‘హెల్ప్స్ ఔట్’ బాగా అతుకుతుంది.

ఐదో అడుగు: చుట్టాలను వేరు చేయడం

ఇదే ఇంటికి చెందిన మాటలు మరికొన్ని ఉన్నాయి. అర్థాల పట్టిక బట్టీ కొట్టడం కంటే మన వాక్యాలను పెట్టి, ఏది ఎక్కడ దిగుతుందో చూడడం మేలు. కడపలో పనిచేసిన సి.పి.బ్రౌన్, 1852లో అచ్చయిన తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో అర్థాలతో పాటు వాడుక వాక్యాలనూ చాలాచోట్ల ఇచ్చాడు. ఇంగ్లీషు నేర్చుకునే మనం ఆ దారినే ఎదురువైపు నుంచి నడవాలి. కింది వాక్యాలను చదివి, జవాబు చూడకముందే మీ నోటితో ఒకసారి ఇంగ్లీషులో చెప్పి చూడండి.

‘మా వీధిలో అందరూ వినాయకునికి తలా రెండు వందలు వేసినారు.’ డబ్బు మాట కాబట్టి ‘చిప్ ఇన్’: ‘ఎవ్రీవన్ ఇన్ అవర్ స్ట్రీట్ చిప్‌ట్ ఇన్ టూ హండ్రెడ్ రుపీస్.’ చందాకు ఇదే మొదటి మాట, ‘పిచ్ ఇన్’ రెండోది. ‘చిప్ ఇన్’కు ఇంకో అర్థం కూడా ఉంది, మాట మధ్యలో అందుకుని తన ముక్క చెప్పడం. మీటింగులో ‘మే ఐ చిప్ ఇన్?’ అంటే నేనొక మాట చెప్పనా అని. పర్సు తీయనక్కరలేదు.

‘పందిరి వేసేదానికి పిల్లోల్లంతా వచ్చి చెయ్యేసినారు.’ ఇది అచ్చంగా మన మాటే: ‘ఆల్ ద బాయ్స్ పిచ్‌ట్ ఇన్ టు పుట్ అప్ ద పందాల్.’ కర్నూలులో కె.సి. (కర్నూలు-కడప) కాలువ దగ్గర నిమజ్జనం రోజు విగ్రహాన్ని దించే కుర్రాళ్ల గురించి కూడా ఇలాగే చెప్పొచ్చు. దించడానికి పిలిపించిన క్రేన్ డ్రైవరు గురించి చెప్పకూడదు.

‘అన్నా, ఈ ఫారం నింపేది తెలీడంలేదు, రోంత చూడన్నా.’ ఒకరికి ఒకరు, కాసేపు. ‘కుడ్ యూ హెల్ప్ మి ఔట్ విత్ దిస్ ఫామ్?’ ఇంగ్లీషులో ఆ ‘అన్నా’కు బదులు ‘బ్రదర్’ అని పెట్టాలని చూడకండి. మనం ‘అన్నా’లో చూపే మర్యాద అక్కడ ‘కుడ్ యూ’లో ఉంది.

‘ఆయమ్మకు జ్వరమని ఆమె డ్యూటీ నేను చేసినా.’ బదులు నిలబడడం కాబట్టి ‘ఫిల్ ఇన్ ఫర్’: ‘షి హాడ్ ఫీవర్, సో ఐ ఫిల్డ్ ఇన్ ఫర్ హర్.’ ‘ఐ కవర్డ్ ఫర్ హర్’ అని కూడా అంటారు, కానీ దానికి ఆమె తప్పు బయటపడకుండా కప్పిపుచ్చానన్న అర్థమూ ఉంది. పై అధికారికి చెప్పేటప్పుడు ‘ఫిల్డ్ ఇన్’ క్షేమం.

‘అన్నదమ్ములు కొట్లాడుకుంటావుంటే పెద్దాయన మధ్యలోకి వచ్చినాడు.’ గొడవలోనో, ఎవరూ పట్టించుకోని పనిలోనో కలగజేసుకోవడానికి ‘స్టెప్ ఇన్’: ‘ద ఎల్డర్ స్టెప్ట్ ఇన్.’

‘వాడు అప్పుల్లో మునిగితే వాళ్ల మామ గట్టెక్కించినాడు.’ ‘హిజ్ అంకుల్ బెయిల్డ్ హిమ్ ఔట్.’ ఇది జాగ్రత్తగా వాడాల్సిన మాట. ఆపదలోంచి లాగేశారన్న అర్థంతో పాటు, ఆ ఆపద సొంతంగా తెచ్చుకున్నదేనన్న ధ్వని చాలాసార్లు దీనికి అంటుకుని ఉంటుంది. మీకు సాయపడ్డవాళ్లకు కృతజ్ఞత చెబుతూ మీ గురించి మీరు అనుకోవచ్చు. ఎదుటివాళ్లను గురించి వాళ్ల ముందే అనకండి.

బ్రిటన్‌లో ‘మక్ ఇన్’ అని వినిపిస్తుంది, హోదా చూడకుండా అందరితో కలిసి చాకిరీలో దిగడం. విన్నప్పుడు అర్థం చేసుకోండి, మన ఆఫీసుల్లో వాడే పని లేదు.

ఆరో అడుగు: ఎక్కడ వాడకూడదో తెలుసుకోవడం

ఇది నోటి మాట. వాట్సాప్ సందేశంలో, టీమ్ కాల్‌లో, తోటివాళ్లకు రాసే మెయిల్లో బాగుంటుంది. కలెక్టరాఫీసుకు పెట్టే అర్జీలో, బ్యాంకుకు రాసే ఉత్తరంలో, యూనివర్సిటీకి పంపే దరఖాస్తులో బాగుండదు. అక్కడ ‘అసిస్ట్’, ‘కాంట్రిబ్యూట్’, ‘సపోర్ట్’ రాయండి. రెజ్యూమెలో ‘పిచ్‌ట్ ఇన్ టు టెస్ట్ ద యాప్’కు బదులు ‘కాంట్రిబ్యూటెడ్ టు టెస్టింగ్ ద యాప్’ రాయాలి. అదే సంగతిని ఇంటర్వ్యూలో నోటితో చెప్పేటప్పుడు ‘వెన్ ద టెస్టింగ్ టీమ్ వాజ్ షార్ట్ ఆఫ్ పీపుల్, ఐ పిచ్‌ట్ ఇన్’ అంటే చక్కగా ఉంటుంది. మీ పని కానిదాన్ని అడగకుండానే అందుకున్నారన్న సంగతి ఆ రెండు ముక్కల్లోనే తెలిసిపోతుంది.

మీకు జీతమిచ్చి అప్పగించిన పనికే ఈ మాట వాడితే మాత్రం ఎదురు తిరుగుతుంది. ‘ఐ పిచ్ ఇన్ టు రైట్ మై రిపోర్ట్స్’ అంటే, నా రిపోర్టులు ఇంకెవరో రాస్తారు, నేను మధ్యమధ్యలో ఓ చెయ్యి వేస్తాను అన్నట్టు వినిపిస్తుంది.

సాయం మరీ పెద్దదైనా ఈ మాట చాలదు. ‘ద డాక్టర్ పిచ్‌ట్ ఇన్ అండ్ సేవ్డ్ మై ఫాదర్’ అంటే ప్రాణం పోసిన మనిషిని సామాన్లు మోసిన మనిషిగా చేసినట్టే. ఇంట్లో చావు జరిగినప్పుడు వచ్చి మూడు రోజులు అన్నీ చూసుకున్న వాళ్లకు ‘థాంక్స్ ఫర్ పిచింగ్ ఇన్’ అని పంపకండి. ‘థాంక్యూ ఫర్ ఎవ్రీథింగ్ యూ డిడ్ ఫర్ అస్’ అనండి. ఈ మాటలో ఒక హుషారు ఉంది, దుఃఖం పక్కన అది ఇమడదు.

ఎవరు ఎవరితో అనాలో కూడా చూసుకోవాలి. తోటివాళ్లతో ‘కుడ్ యూ ఆల్ పిచ్ ఇన్?’ అనొచ్చు. మీకంటే పైవాళ్లతో ‘యూ షుడ్ పిచ్ ఇన్’ అంటే, ఇంతవరకూ చేతులు ముడుచుకుని కూర్చున్నారని ఎత్తిపొడిచినట్టవుతుంది. వాళ్ల సాయం కావాలంటే ‘వి కుడ్ యూజ్ యువర్ హెల్ప్ ఆన్ దిస్’ అనడం పద్ధతి. మీరు ముందుకొచ్చేటప్పుడు ఎవరి ముందైనా ‘హ్యాపీ టు పిచ్ ఇన్’ అనొచ్చు, దానికి చిన్నాపెద్దా లేదు.

ఏడో అడుగు: వారం రోజుల సాధన

రోజూ పావుగంట చాలు. మొదటి రెండు రోజులు ఐదు అచ్చులకు మీ ఊరి సంగతులతో తలా రెండు వాక్యాలు రాయండి. జాతర, పెండ్లి, హాస్టల్ గది ఖాళీ చేయడం, కాలేజీలో వార్షికోత్సవం, చేనిలో పంట. పుస్తకంలోని వాక్యాలు ఎత్తి రాస్తే గుర్తుండవు. మూడో రోజు వాటిని ఫోన్లో రికార్డు చేసి వినండి. ‘పిచ్చెడ్’ అన్నారా, ‘చ్’ను ఒత్తారా అన్నది అప్పుడే తెలుస్తుంది. మాట్లాడేటప్పుడు మన చెవికి మన తప్పు దొరకదు.

నాలుగు, ఐదు రోజుల్లో ఎదురు పని చేయండి. ఇంట్లో, బజారులో సాయం మాట విన్న ప్రతిసారీ, ఉదాహరణకు ‘రాండబ్బా, తలా ఓ చెయ్యేస్తే గంటలో అయిపోతాది’ అని ఎవరైనా అన్నప్పుడు, మనసులో ఇంగ్లీషు వాక్యం కట్టండి. ముందు అడగాల్సింది ఒక్కటే: ఇక్కడ ‘నాకు’ ఉందా? ఉంటే ‘హెల్ప్ ఔట్’, లేకపోతే ‘పిచ్ ఇన్’, డబ్బయితే ‘చిప్ ఇన్’. మిగిలిన రెండు రోజులు ఒక స్నేహితుణ్ణి పెట్టుకుని అడగడం, ఒప్పుకోవడం, వద్దనడం మార్చిమార్చి మాట్లాడండి.

ఒప్పుకునేటప్పుడు ‘ఎస్ సార్’తో ఆగకండి. ‘షూర్, విచ్ పార్ట్ షుడ్ ఐ టేక్?’ అని అడగండి. మీ వంతు ఏదో తేలుతుంది, అర్థమైందని అవతలివాళ్లకూ తెలుస్తుంది. వీలుకానప్పుడు ‘ఐ కాంట్ పిచ్ ఇన్ టునైట్, బట్ ఐ కెన్ టేక్ అ షేర్ టుమారో మార్నింగ్’ అనండి. కారణం ఒక్క వాక్యంలో చెప్పండి, అనంతపురం బస్సు తొమ్మిదింటికైతే ఆ సంగతే చెప్పండి.